యూనిఫాం లోపల డ్రైఫిట్ బనియన్: జవాన్లు, ఇంట్లోవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవు ముగించుకుని యూనిట్‌కి వెళ్ళే ప్రతి కుర్రాడి బ్యాగులో ఇప్పుడు నాలుగైదు డ్రైఫిట్ టీషర్టులు ఉంటున్నాయి. తేలిగ్గా ఉంటాయి, రాత్రి ఉతికి ఆరేస్తే తెల్లవారేసరికి ఆరిపోతాయి, ఒంటికి పట్టినట్టు ఉంటాయి. మా తమ్ముడు ఫౌజులో ఉన్నాడు. నేను బట్టల నాణ్యత పరీక్షించే పని చేస్తాను. అందుకని వాడి స్నేహితులు, వాళ్ళ అమ్మానాన్నలు నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట రాస్తున్నాను. యూనిట్‌లో ఇచ్చే ఆదేశం ఏదైనా దీనికన్నా వేరుగా ఉంటే ఆ ఆదేశమే పాటించాలి.

డ్రైఫిట్ బట్ట అంటే అసలు ఏమిటి?

చాలావరకు పాలిస్టర్. సాగడానికి కొంచెం స్పాండెక్స్ కలుపుతారు, మన షాపుల్లో లైక్రా అంటారు. కొన్నిట్లో పాలిస్టర్ బదులు నైలాన్ ఉంటుంది.

పాలిస్టర్ దారం నీళ్ళు తాగదు. 100 గ్రాముల పొడి నూలు మామూలు గాలిలోంచి సుమారు 8 గ్రాముల తేమ లాక్కుంటుంది, ఉన్ని 16 గ్రాముల దాకా లాక్కుంటుంది, నైలాన్ 4 గ్రాములు. పాలిస్టర్ అయితే అర గ్రాము కూడా కాదు. అందుకే చెమట దారం లోపలికి పోకుండా పోగుల మధ్య సందుల్లో పాకి, బట్ట పైకి వచ్చి, గాలికి ఆరిపోతుంది. ఆటగాళ్ళకి ఇంతకన్నా మంచి బట్ట దొరకడం కష్టం. దీన్ని ఆటకోసమే చేశారు, ఆ పనికి బాగా చేశారు.

మరి ప్రమాదం ఎక్కడుంది?

కరగడంలో. పాలిస్టర్ సుమారు 250 నుంచి 260 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. నైలాన్‌లో ఒక రకం 220 దగ్గరే కరుగుతుంది. చలి లోదుస్తుల్లో వాడే పాలీప్రొపిలీన్ 165 దాటితే చాలు. నూలు కరగదు. అది కాలుతుంది, మాడుతుంది, బూడిదవుతుంది.

ఇప్పుడు చర్మం సంగతి చూడండి. 60 డిగ్రీల వేడి అయిదు సెకన్లు తగిలితే చాలు, చర్మం బొబ్బలెక్కేంత కాలుతుంది. 70 డిగ్రీలైతే ఒక్క సెకను. అలాంటి చర్మం మీద 250 డిగ్రీల దగ్గర కరిగిన ప్లాస్టిక్ పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అరిసెలు వండేటప్పుడు చేతిమీద వేన్నీళ్ళు చిందితే చురుక్కుమని జారిపోతాయి. అదే పాకం చుక్క పడితే పడినచోటే అతుక్కుని, లోపలికి కాలుస్తూనే ఉంటుంది. కరిగిన పాలిస్టర్ కూడా అంతే. జారదు, దులిపినా పోదు, చల్లారేదాకా తన వేడంతా చర్మంలోకి దింపుతుంది. చల్లారాక గట్టిపడి చర్మంతో కలిసిపోతుంది. తర్వాత డాక్టర్లు ఆ ముక్కల్ని పుండులోంచి ఒక్కొక్కటిగా తీయాలి.

దీపావళికి టపాకాయలు కాల్చేటప్పుడు నూలు బట్టలు వేసుకోమని, పొయ్యి దగ్గర నైలాన్ చీర కట్టుకోవద్దని మన ఇళ్ళలో అమ్మలు చెప్పేది సరిగ్గా ఈ కారణంతోనే. సైనికుడి విషయంలో తేడా ఏమిటంటే, ఆ బట్ట చీర కుచ్చిళ్ళలా ఒంటికి దూరంగా ఉండదు. ఛాతీ నుంచి మణికట్టు దాకా చర్మానికి అంటుకుని ఉంటుంది.

ఇదంతా నిజంగా జరిగిందా, లేక ముందుజాగ్రత్త మాటా?

జరిగింది. ఒకసారి కాదు.

1982లో బ్రిటన్, అర్జెంటీనా ఫాక్లాండ్ దీవుల కోసం యుద్ధం చేశాయి. మే 4న షెఫీల్డ్ అనే బ్రిటిష్ యుద్ధనౌకకు ఎక్సోసెట్ క్షిపణి తగిలి మంటలు లేచాయి. 20 మంది చనిపోయారు. అప్పట్లో నావికులు వేసుకునేవి నైలాన్, ఇతర సింథటిక్ బట్టలు. అవి ఒంటిమీదే కరిగి, మామూలు బట్టలు ఉంటే తగిలేదానికన్నా పెద్ద గాయాలు చేశాయి. ఆ తర్వాత రాయల్ నేవీ ఆ బట్టల నుంచి పక్కకు జరిగింది.

ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఇరాక్‌లో అదే పాఠం మళ్ళీ చదవాల్సి వచ్చింది. అమెరికన్ మెరైన్లు ఆ ఎండకు తట్టుకోలేక అండర్ ఆర్మర్ వంటి కంపెనీల స్పోర్ట్స్ టీషర్టులు సొంత డబ్బుతో కొనుక్కుని యూనిఫాం లోపల వేసుకునేవారు. రోడ్డు పక్కన పాతిన బాంబులు పేలినప్పుడు వాహనంలో ఒక్కసారిగా మంట లేచేది. ఆ బట్ట కరిగి చర్మానికి అతుక్కున్న గాయాలు సైనిక వైద్యుల ముందుకు వచ్చాయి. 2006 ఏప్రిల్‌లో అక్కడి మెరైన్ కమాండర్లు, స్థావరం దాటి బయటకు వెళ్ళేటప్పుడు పాలిస్టర్, నైలాన్ ఉన్న స్పోర్ట్స్ బట్టలు వేసుకోకూడదని ఆదేశం ఇచ్చారు. స్థావరం లోపల వేసుకోవడానికి మాత్రం అభ్యంతరం పెట్టలేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ వస్తుంది. మరుసటి ఏడాది నుంచి మంటకు ఓర్చే చొక్కాలు, ప్యాంట్లు, చేతి తొడుగులు వాళ్ళకి రావడం మొదలైంది.

2012లో అమెరికా నౌకాదళం తన నీలిరంగు మచ్చల యూనిఫాం బట్టను మంటలో పరీక్షించింది. అది సగం నైలాన్, సగం నూలు. బట్ట పూర్తిగా అయిపోయేదాకా జోరుగా మండింది. తర్వాత ఓడల మీద పనిచేసేవాళ్ళకి మంటకు ఓర్చే దుస్తులు ఇవ్వాల్సి వచ్చింది.

సగం కాటన్, సగం పాలిస్టర్ అయితే ప్రమాదం కూడా సగమే కదా?

కాదు. ఈ పొరపాటు లెక్క చాలామంది వేస్తారు, నాకు అన్నిటికన్నా భయం వేసేది కూడా దీంతోనే. శుద్ధ పాలిస్టర్‌కి నిప్పు తగిలితే అది ముడుచుకుని మంటకు దూరంగా జరుగుతుంది, ఒక్కోసారి కరిగి కారిపోతుంది. నూలు కలిస్తే అలా జరగలేదు. నూలు పోగులు కాలినా ఆకారం నిలబెట్టుకుంటాయి, కరిగిన పాలిస్టర్‌ని పట్టి ఉంచుతాయి. నూనెలో వత్తి ఎలా పనిచేస్తుందో అలాగన్నమాట. వత్తి నూలు, నూనె పాలిస్టర్. అందుకే కలనేత బట్ట ఒక్కోసారి రెండిట్లో ఏ ఒక్కదానికన్నా ఎక్కువ జోరుగా మండుతుంది.

మన ఆర్మీ కొత్త కంబాట్ యూనిఫాంలో కూడా పాలిస్టర్ ఉంది కదా?

ఉంది. 2022 జనవరి 15న ఆర్మీ డే పరేడ్‌లో చూపించిన ఆ యూనిఫాం నూలు 70, పాలిస్టర్ 30 పాళ్ళలో నేసినది. నిఫ్ట్ అనే జాతీయ ఫ్యాషన్ విద్యాసంస్థ డిజైన్ చేసింది. తేలిగ్గా ఉండాలి, త్వరగా ఆరాలి, గట్టిగా ఉండాలి అన్నవి వాళ్ళ ముందున్న అవసరాలు. పైచొక్కా వదులుగా ఉంటుంది, అందులో నూలు వాటా ఎక్కువ.

నేను చెప్పేది ఒక్కటే. పై యూనిఫాం ఏది వేసుకోవాలో జవాను చేతిలో లేదు. లోపల ఏది వేసుకోవాలో చాలాచోట్ల అతని చేతిలోనే ఉంది. పైపొరలో పాలిస్టర్ ఉన్నప్పుడు చర్మాన్ని ఆనుకున్న పొర కరగనిది కావడం ఇంకా ముఖ్యం. లోపలి నూలు బనియన్ కొన్ని సెకన్లయినా అడ్డుగా నిలుస్తుంది. ఆ కొన్ని సెకన్లలోనే మనిషి వాహనంలోంచి బయటపడతాడు.

పైన మంటకు ఓర్చే ఓవరాల్ వేసుకుంటే లోపల ఏదైనా పరవాలేదా?

పరవా ఉంది. ఓవరాల్ మండదు కానీ వేడిని పూర్తిగా ఆపదు. బయట చెక్కుచెదరకుండా ఉన్న బట్ట కింద లోపలి పాలిస్టర్ కరగొచ్చు. నోమెక్స్ అనే మంటకు ఓర్చే బట్టతో కుట్టిన సూట్ వేసుకునే పైలట్లకు లోపల నూలు గానీ నోమెక్స్ లాంటి కరగని బట్ట గానీ వేసుకోమని చెప్పేది అందుకే. ట్యాంకుల్లో పనిచేసేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

బీపీ (బుల్లెట్‌ప్రూఫ్) జాకెట్ ఉంటుంది కదా, ఛాతీకి మంట ఎలా తగులుతుంది?

ఛాతీకి, వీపుకి కొంత రక్షణ ఉంటుంది, నిజమే. కానీ చేతులు, చంకలు, మెడ, పొత్తికడుపు బయటే ఉంటాయి. కుర్రాళ్ళు ఇష్టపడేది ఒంటిని బిగించి పట్టే ఫుల్ హ్యాండ్ కంప్రెషన్ టీషర్టు. అంటే జాకెట్ కాపాడని చోటంతా పాలిస్టర్ కప్పినట్టు.

మావాడు యుద్ధంలో లేడు. పీస్ స్టేషన్‌లో ఉన్నాడు. అయినా జాగ్రత్త పడాలా?

ఎక్కువమంది జవాన్లకి మంట ఎదురయ్యేది శత్రువు వల్ల కాదు. లద్దాఖ్‌లో, కాశ్మీరులో చలికి వెలిగించే బుఖారీ, జవాన్ల వంటశాల లంగర్‌లో పొయ్యి, జనరేటర్‌లో డీజిల్ పోయడం, వాహనం ఇంజను పని, మందుగుండు గోదాము డ్యూటీ. ఇవన్నీ రోజువారీ పనులే. 2023 జూలై 19న సియాచిన్‌లో తెల్లవారుజామున రేగిన మంటల్లో తోటివాళ్ళను కాపాడబోయి కెప్టెన్ అన్షుమాన్ సింగ్ ప్రాణాలు వదిలారు. అక్కడ కాల్పులు జరగలేదు.

ఇంకో సంగతి. చలి ప్రాంతాల్లో గాలి పొడిగా ఉంటుంది. సింథటిక్ బనియన్ మీంచి ఉన్ని స్వెట్టర్ తీస్తే చిటపటమంటూ చీకట్లో చిన్న మెరుపులు కనిపిస్తాయి. గదిలో అది వినోదం. పెట్రోలు ఆవిరి ఉన్నచోట, మందుగుండు దగ్గర అదే నిప్పురవ్వ.

అయితే డ్రైఫిట్ ఎక్కడ వేసుకోవచ్చు?

పొద్దున పీటీ, పరుగు, వాలీబాల్, జిమ్, బ్యారక్‌లో నిద్ర, సెలవులో ప్రయాణం. హాయిగా వేసుకోవచ్చు.

లేబుల్ చిరిగిపోయింది. ఏ బట్టో ఎలా తెలుస్తుంది?

లోపలి కుట్టు మడత దగ్గర, బట్టలోంచే (కుట్టు దారం కాదు, అది పాలిస్టర్ అయి ఉంటుంది) రెండు అంగుళాల పోగు లాగండి. నాలుగైదు పోగులు కలిపి పేనండి. గాలి లేనిచోట, స్టీలు పళ్ళెం మీద, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టుకుని, చిన్న పట్టకారుతో పట్టుకోండి. అగ్గిపుల్ల మంటను పక్కనుంచి మెల్లగా దగ్గరికి తీసుకురండి.

పాలిస్టర్ అయితే మంట తగలకముందే భయపడ్డట్టు వెనక్కి ముడుచుకుంటుంది. తర్వాత కరిగి, నల్లటి పొగతో మండి, చివర చిన్న ఉండ కడుతుంది. చల్లారాక ఆ ఉండను గోటితో నొక్కి చూడండి. ఆవగింజలా గట్టిగా ఉంటుంది, చితకదు. నూలైతే ముడుచుకోదు. మంటను అందుకుని కాగితంలా కాలుతుంది, కాగితం కాలిన వాసనే వస్తుంది, ముట్టుకుంటే పొడయ్యే బూడిద మిగులుతుంది. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన, దానంతటదే ఆరిపోయే మంట. కలనేత అయితే కాగితం వాసనా వస్తుంది, బూడిదలో గట్టి పలుకులూ తగులుతాయి.

మా తమ్ముడికి నేను ఎంత చెప్పినా వినలేదు. ఒకసారి సెలవులో వాడి టీషర్టులోంచే పోగు తీసి, వాడి చేతే వెలిగించాను. ఆ నల్ల ఉండని వేళ్ళ మధ్య చాలాసేపు తిప్పి చూశాడు. పిల్లల చేత మాత్రం ఇది చేయించకండి.

అయితే ఏ బనియన్ కొనాలి?

ఎండ ప్రాంతంలో మామూలు డ్యూటీకి నూరు శాతం నూలు, పల్చటి అల్లికది, పొట్టి చేతులది. లేబుల్ మీద "కాటన్ రిచ్" అని ఉంటే అది నూరు శాతం కాదు, వదిలేయండి. చంకల్లో, పక్కల్లో జాలీ ముక్కలు కుట్టి ఉంటే అవి సాధారణంగా పాలిస్టర్‌వే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. నూలు మండని బట్ట కాదు. నిప్పు అంటుకుంటే మండుతూనే పోతుంది. దాని గొప్పంతా కరిగి చర్మానికి అతుక్కోకపోవడమే. నిజంగా మంటకు ఓర్చేవి వేరే ఉన్నాయి. ఆరామిడ్ (నోమెక్స్ ఈ రకమే), మంట నిరోధక రేయాన్, మోడాక్రిలిక్ అనే దారాలు కలిపి చేసినవి. ఐఎస్ఓ 11612 లేదా ఎన్ఎఫ్‌పీఏ 2112 ప్రమాణం పేరు లోపల లేబుల్ మీద అచ్చువేసి ఉండాలి. ఖరీదు ఎక్కువ. ట్యాంకు, వాహనం, ఇంధనం పనుల్లో ఉన్నవాళ్ళు ముందు యూనిట్‌లో అడగాలి. సొంతంగా కొనాల్సి వస్తే ఒకటి రెండు కొన్నా మంచిదే. "ఫైర్‌ప్రూఫ్" అని ముఖం మీద రాసి, ప్రమాణం పేరు లేని సరుకు నేనైతే కొనను.

చలి ప్రాంతంలో నూలు తడిస్తే మరీ చలి పుడుతుంది కదా?

పుడుతుంది. నూలు తాగిన చెమట త్వరగా ఆరదు, తడి బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. ఎత్తైన కొండల మీద అది చిన్న విషయం కాదు. అక్కడ నా ఓటు సన్నటి మెరీనో ఉన్నికి. తేమను పట్టుకుంటూనే వెచ్చగా ఉంటుంది, కరగదు, అంత తేలిగ్గా అంటుకోదు, అంటుకున్నా ఆరిపోయే గుణం ఉంది. మన ఊరి స్వెట్టర్లలా గుచ్చుకోదు. కొనేముందు శాతం చూడండి, ఉన్ని పేరుతో యాక్రిలిక్ అమ్మేవాళ్ళు ఎక్కువ. యాక్రిలిక్ కూడా వేడికి మెత్తబడి కరిగి మండే బట్టే. ప్రభుత్వం ఇచ్చే చలి దుస్తుల్ని ఇచ్చిన వరుసలోనే వేసుకోవాలి, మధ్యలో సొంత పొర చొప్పించకూడదు.

కొలత ఎలా చూసుకోవాలి?

అద్దం ముందు నిలబడి చూస్తే చాలదు. టేపు చంకల కింద, ఛాతీ బాగా వెడల్పున్న చోట, బిగించకుండా పెట్టండి. ఆ కొలతకు రెండు మూడు అంగుళాలు వదులు ఉండే నూలు బనియన్ సరిపోతుంది. నూలు అల్లిక మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది కాబట్టి ఒకసారి ఉతికాకే సరిపోయిందో లేదో తేల్చండి.

తర్వాత నాలుగు పనులు చేసి చూడాలి. గుండె నిండా ఊపిరి తీసుకోండి, ఛాతీ దగ్గర పట్టినట్టు ఉంటే చిన్నది. రెండు చేతులూ పైకెత్తండి, బనియన్ ప్యాంటులోంచి పైకి వచ్చేస్తే పొట్టిది. బోర్లా పడుకుని మోచేతుల మీద నాలుగడుగులు పాకండి, చంకలో కుట్టు కోస్తోందేమో తెలుస్తుంది. చివరగా బీపీ జాకెట్ గానీ బరువున్న పిట్టూ (వీపు సంచి) గానీ తగిలించుకుని పది నిమిషాలు నడవండి. జాకెట్ తీశాక భుజాల మీద చూడండి. పట్టీ కింద ఎర్రటి గీత కనిపిస్తే అక్కడ కుట్టు ఉందన్నమాట. పది నిమిషాలకు గీత పడితే ఇరవై కిలోమీటర్లకు పుండే. భుజం మీద కుట్టు లేకుండా ముందుకో వెనక్కో జరిపి, చదునుగా కుట్టినవి వెతకండి. మెడ వెనక గుచ్చుకునే లేబుల్ ఉంటే కత్తిరించేముందు దానిమీద ఉన్న బట్ట శాతాలు ఫోటో తీసిపెట్టుకోండి.

మరీ వదులైనా ఇబ్బందే. జాకెట్ కింద మడతలు పడి అక్కడే రాపిడి మొదలవుతుంది.

కంప్రెషన్ టీషర్టు బిగుతుగా ఉంటే బలం వస్తుందంటారు?

కండకు కొంచెం పట్టు ఉన్నట్టు అనిపించడం వేరు, బలం వేరు. వేళ్ళు తిమ్మిరెక్కినా, చంకలో గీతలు పడి గంటకు కూడా పోకపోయినా అది మీ సైజు కాదు. మంట వైపునుంచి చూసినా బిగుతు నష్టమే. బట్టకూ చర్మానికీ మధ్య ఉండే పల్చటి గాలి పొర వేడిని కొంత ఆపుతుంది. ఒంటికి అంటుకున్న బట్టలో ఆ పొర ఉండదు.

చెమటకాయలు, తామర వస్తున్నాయి. బట్ట వల్లేనా?

బట్ట ఒక్కటే కాదు. తడి, వేడి, రాపిడి మూడూ కలిసినచోట వస్తాయి. చెమట పట్టిన బనియన్‌తో నిద్రపోకండి. ఉతికింది పూర్తిగా ఆరకుండా తొడుక్కోకండి. ఒకరి బనియన్ ఇంకొకరు వేసుకోకండి. గుండ్రంగా, అంచు ఎర్రగా పాకే మచ్చ కనిపిస్తే క్యాంటీన్‌లో దొరికిన ట్యూబు ఏదో పూయకుండా యూనిట్ డాక్టరు చూసే ఎంఐ రూమ్‌లో చూపించుకోవాలి. స్టెరాయిడ్ కలిసిన క్రీములు తామరను అణిచినట్టు చేసి ఇంకా పాకిస్తాయి.

ఉతకడంలో జాగ్రత్తలు?

మన అలవాటు గంజి. యూనిఫాం ఫెళఫెళలాడాలని గంజి పెట్టి ఇస్త్రీ చేస్తాం. మంటకు ఓర్చే బట్టకు గంజి పెట్టకూడదు. గంజి అంటే పిండి, పిండి మండుతుంది. బ్లీచింగ్, మెత్తదనం కోసం వేసే కండిషనర్ కూడా వద్దు. గ్రీజు, డీజిల్ మరక ఉన్న బనియన్ ఏ బట్టదైనా సరే, మరక పూర్తిగా పోయేదాకా వేసుకోకండి. ఒళ్ళంతా పూసుకునే దోమల మందులో డీట్ అనే రసాయనం ఉంటే అది స్పాండెక్స్‌ను పాడుచేస్తుంది, పూసిన చేయి ఆరాకే బట్ట తొడగాలి.

ఒంటిమీద బట్టకు నిప్పు అంటుకుంటే ఏం చేయాలి?

పరిగెత్తకూడదు. నేలమీద పడి దొర్లాలి, పక్కవాళ్ళు దుప్పటి కప్పి ఆర్పాలి, ఆ దుప్పటి నూలుదో ఉన్నిదో కావాలి. మంట ఆరగానే కాలినచోట మామూలు చల్లటి నీళ్ళు ఇరవై నిమిషాలు పారనివ్వండి. ఐసు వద్దు. ఉంగరం, వాచీ, బెల్టు వాపు రాకముందే తీసేయండి.

చర్మానికి అతుక్కున్న బట్టను లాగకండి. లాగితే చర్మం దాంతోపాటు వచ్చేస్తుంది. చుట్టూ కత్తెరతో కత్తిరించి, అతుక్కున్నది అలాగే వదిలి, పైన శుభ్రమైన తడి లేని గుడ్డ వదులుగా కప్పి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, వెన్న ఏదీ పూయకండి. ఇంట్లో పొయ్యి దగ్గర జరిగినా ఇదే పద్ధతి.

ఇంటినుంచి పార్సిల్ పంపుతున్నాం. ఏం పెట్టమంటారు?

ఇంటింటా సైనికులున్న మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళలో అయితే ఈ సర్దడం ఇళ్ళలో అందరికీ వచ్చిన పనే. అక్కడ అడిగినా నేను చెప్పేది ఇదే. ముందు ఫోన్ చేసి యూనిట్‌లో ఏ రంగుకు అనుమతి ఉందో, మెడ గుండ్రంగా ఉండాలా అన్నది అడగండి. నూరు శాతం నూలువి అయిదు కొనండి. సబ్బుతో ఒకసారి ఉతికి, నీడలో ఆరేసి, కుదించుకున్నాక కొలత మళ్ళీ చూడండి. ఒకటి బిగుతైతే మార్చండి. డ్రైఫిట్ కావాలని అడిగితే అవీ రెండు పెట్టండి, కానీ వేరే సంచిలో వేసి, ఆ సంచి మీద చెరగని మార్కర్‌తో పెద్దగా "పీటీకి మాత్రమే" అని రాయండి.